కొత్తగా అమెరికా వచ్చినవారికి: ఒకే తెర, మూడు పరికరాలు, వేరే స్పీకర్లు

అమెరికాకు వచ్చిన మొదటి రెండు మూడు నెలల్లో చాలామంది అపార్ట్‌మెంట్లలోకి టీవీ కంటే ముందు మానిటర్ చేరుతుంది. ఇంటి నుంచి పని చేయడానికి ఆఫీసువారు ఇచ్చినదో, వేరే ఊరికి మారిపోతూ మిత్రుడు తక్కువ ధరకు వదిలి వెళ్ళినదో, చదువుకునే రోజుల్లో కొనుక్కున్నదో, ఒక 24 లేదా 27 అంగుళాల తెర బల్ల మీద ఉంటుంది. పగలు దానికి ల్యాప్‌టాప్ కలుపుతారు, సాయంత్రం దానికే సినిమాలు చూసే స్టిక్ తగిలిస్తారు, శనివారం రాత్రి రూమ్మేటు తన గేమ్ కన్సోల్ తెచ్చి దానికే పెడతాడు. ఆ తెరకు హెచ్‌డీఎంఐ పోర్టులు ఒకటో రెండో ఉంటాయి. స్పీకర్లు చాలా మానిటర్లకు అసలే ఉండవు. ల్యాప్‌టాప్‌కు సొంత స్పీకర్లు ఉన్నాయి కనుక పగలంతా ఆ లోటు తెలియదు. స్టిక్‌కు స్పీకరూ లేదు, హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రమూ లేదు కనుక సాయంత్రం సినిమా పెట్టగానే బొమ్మ వస్తుంది, మాట వినిపించదు.

ఈ ఇబ్బంది ఎదురుకాగానే కొందరు కొత్త టీవీ కొనేస్తారు. లీజు ముగిసేలోపు ఊరే మారవలసి రావచ్చునన్న అనుమానం ఉన్నవారు అంత తొందరపడవద్దని నా సలహా. ఆడియో ఎక్స్‌ట్రాక్టర్‌తో కలిసి వచ్చే హెచ్‌డీఎంఐ స్విచ్ అని ఒక చిన్న పెట్టె దొరుకుతుంది, అరచేతిలో ఇమిడిపోతుంది. హెచ్‌డీఎంఐ కేబుల్‌లో బొమ్మ, శబ్దం రెండూ కలిసే ప్రయాణిస్తాయి. ఈ పెట్టె మూడు నాలుగు పరికరాల నుంచి వచ్చే కేబుళ్ళను తన దగ్గరే ఆపి, మీరు కోరిన ఒక్కదానిని మాత్రం తెరకు పంపుతుంది. పంపేటప్పుడు అందులోని శబ్దాన్ని విడదీసి, శబ్దాన్ని కాంతి రూపంలో పంపే ఆప్టికల్ పోర్టు ద్వారా గాని, హెడ్‌ఫోన్ రంధ్రంలాంటి 3.5 మిల్లీమీటర్ల పోర్టు ద్వారా గాని బయటికి ఇస్తుంది. అక్కడి నుంచి మామూలు కంప్యూటర్ స్పీకర్లకో సౌండ్‌బార్‌కో కలుపుకుంటే సరిపోతుంది.

కొనేటప్పుడు పేరు జాగ్రత్తగా చదవాలి. స్విచ్ అంటే అనేక పరికరాల నుంచి ఒక తెరకు. స్ప్లిటర్ అంటే ఒక పరికరం నుంచి అనేక తెరలకు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, ఆన్‌లైన్ దుకాణాల్లో రెండు మాటలనూ ఒకే శీర్షికలో కలిపి రాస్తుంటారు. నేను వచ్చిన కొత్తలో శీర్షిక చూసి తెప్పించుకున్న పెట్టె స్ప్లిటర్ అని తేలింది. దాన్ని తిరిగి పంపి, సరైనది వచ్చేసరికి వారం గడిచింది. బొమ్మలో ఇన్‌పుట్ అన్న అక్షరాలు ఎన్ని పోర్టుల మీద ఉన్నాయో లెక్కపెట్టిన తరువాతే కొనండి. అలాగే శబ్దం విడదీయని మామూలు స్విచ్‌లు కూడా అదే వరుసలో కనిపిస్తాయి, ఆప్టికల్, 3.5 మిల్లీమీటర్ల పోర్టులు ఫొటోలో స్పష్టంగా కనిపించకపోతే ఆ పెట్టె మీకు అక్కరకు రాదు. రసీదును, అట్టపెట్టెను తిరిగి ఇచ్చే గడువు దాటేవరకు దాచి ఉంచండి.

ఇక అన్నింటికంటే ఎక్కువమందిని తికమక పెట్టే విషయానికి వస్తాను. అన్నీ సరిగ్గా కలిపారు, తెర మీద బొమ్మ వచ్చింది, స్పీకర్ల దీపం వెలిగింది, అయినా శబ్దం లేదు. పెట్టె పాడైందనుకుని తిరిగి పంపేవారిలో చాలామంది పెట్టెలు నిజానికి బాగానే ఉంటాయి. కేబుల్ తగిలించగానే తెర తన వివరాలను పరికరానికి చెప్పుకుంటుంది: ఇంత రిజల్యూషన్ చూపగలను, ఇన్ని రంగులు చూపగలను, శబ్దం తీసుకోగలను లేదా తీసుకోలేను అని. ఈ వివరాల పట్టికనే ఈడీఐడీ అంటారు. స్పీకర్లు లేని మానిటర్ తనకు శబ్దం అక్కర లేదని చెప్పవచ్చు. ఆ మాట విన్న స్టిక్ బొమ్మను మాత్రమే పంపి ఊరుకుంటుంది. రాని శబ్దాన్ని మధ్యలో ఉన్న పెట్టె మాత్రం ఎక్కడి నుంచి విడదీస్తుంది?

అందుకే మంచి పెట్టెలకు వెనుకో పక్కనో గోరుతో జరిపే ఒక బుల్లి మీట ఉంటుంది. దాని పక్కన మూడు గుర్తులు ఉంటాయి. ఒకటి టీవీ లేదా పాస్ అని, రెండవది 2సీహెచ్ అని, మూడవది 5.1సీహెచ్ అని. మొదటి స్థానంలో ఉంటే తెర చెప్పిన మాటనే పెట్టె పరికరానికి యథాతథంగా చేరవేస్తుంది. రెండవ స్థానంలో ఉంటే తెర ఏమి చెప్పినా సరే, రెండు ఛానళ్ళ స్టీరియో శబ్దం తీసుకుంటానని పెట్టె తన తరఫున చెబుతుంది. మూడవది ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఉన్న సెట్టు కోసం. మానిటర్, మామూలు స్పీకర్ల జత ఉన్నవారు మీటను 2సీహెచ్ దగ్గర పెట్టుకోవాలి. మీట జరిపినంత మాత్రాన వెంటనే మార్పు కనిపించకపోవచ్చు. స్టిక్ కేబుల్‌ను ఒకసారి ఊడదీసి మళ్ళీ పెడితే అది పట్టికను కొత్తగా చదువుకుంటుంది. మా ఇంట్లో మొదటిసారి ఆ మీటను జరిపి కేబుల్ తిరిగి పెట్టిన క్షణంలో, అరగంట నుంచి మూగగా ఆడుతున్న పాట ఒక్కసారిగా గది నిండా వినిపించింది. పెట్టె కొనేటప్పుడు ఈ మీట ఉందో లేదో చూడండి. లేనిదాన్ని మానిటర్‌కు వాడదలచినవారికి నేను సిఫారసు చేయను.

దీనికి తోడుగా పరికరం లోపల మార్చవలసిన అమరిక ఒకటి ఉంది. సినిమా స్టిక్‌లు, కన్సోళ్ళు వీలున్నచోట డాల్బీ డిజిటల్ వంటి కుదించిన రూపంలో శబ్దాన్ని పంపడానికి ప్రయత్నిస్తాయి. ఆప్టికల్ పోర్టు ఆ రూపాన్ని అలాగే సౌండ్‌బార్‌కు అందిస్తుంది, విప్పే పని సౌండ్‌బార్ చూసుకుంటుంది. 3.5 మిల్లీమీటర్ల పోర్టు మాటే వేరు. తక్కువ ధర పెట్టెల్లో చాలావాటికి డాల్బీని విప్పే శక్తి లేదు కనుక ఆ పోర్టు నుంచి నిశ్శబ్దమో బరబరమనే రొదో వస్తుంది. స్టిక్ సెట్టింగులలో ఆడియో విభాగానికి వెళ్ళి స్టీరియో లేదా పీసీఎం (కుదించని శబ్దం) ఎంచుకుంటే ఈ సమస్య తీరుతుంది. ల్యాప్‌టాప్ అయితే అదనంగా ఇంకొక పని చేయాలి: గడియారం పక్కన ఉన్న స్పీకర్ గుర్తు నొక్కి, శబ్దం ల్యాప్‌టాప్ స్పీకర్లకు కాకుండా హెచ్‌డీఎంఐకి వెళ్ళేలా ఎంచుకోవాలి.

ఏ పోర్టు వాడాలన్నది స్పీకర్లను బట్టి ఉంటుంది. సౌండ్‌బార్‌కు ఆప్టికల్ ఉంటే అదే వాడండి. కరెంటు అడాప్టర్ల వల్ల వచ్చే సన్నని గుయ్‌మనే మోత అందులోకి ఎక్కదు. ఆప్టికల్ కేబుల్ రెండు కొనలకూ కొత్తలో పారదర్శకమైన చిన్న ప్లాస్టిక్ టోపీలు ఉంటాయి. అవి తీయకుండానే బలంగా నెట్టేవారు ఉన్నారు. టోపీ తీసి, ఒక కొనను పెట్టెలో పెట్టి, రెండవ కొనను అరచేతికి దగ్గరగా పట్టుకుంటే చర్మం మీద ఎర్రని చుక్క పడుతుంది. ఆ చుక్క కనిపిస్తే కాంతి అక్కడి వరకు వస్తున్నట్టే, లోపం ఆ పై ఉన్న సౌండ్‌బార్ అమరికలో వెతకాలి. ఆ కేబుల్‌ను బల్ల మూల దగ్గర గట్టిగా మడవకండి, లోపలి పోగు విరుగుతుంది. 3.5 మిల్లీమీటర్ల పోర్టు వాడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: చాలా పెట్టెల్లో దాని వాల్యూం స్థిరంగా ఉంటుంది, తగ్గించే వీలుండదు. అందువల్ల గుండీ తిప్పే వీలున్న స్పీకర్లనే కలపండి. హెడ్‌ఫోన్‌ను నేరుగా పెట్టుకుని సినిమా మొదలుపెడితే చెవులు అదిరిపోవచ్చు.

మానిటర్ కాకుండా టీవీ ఉన్నవారికి లెక్క మారుతుంది. టీవీలోనే ఉన్న యాప్‌లలో సినిమా చూస్తే ఆ శబ్దం టీవీలోనే పుడుతుంది కనుక పెట్టె గుండా ప్రయాణించదు. పెట్టె దాన్ని విడదీయలేదు. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4తో ఏఆర్‌సీ అనే సదుపాయం మొదలైంది. టీవీ శబ్దం అదే కేబుల్ గుండా వెనక్కి రావడమే దాని పని. ఏఆర్‌సీ ఉందని పెట్టె మీద రాసి ఉంటే, దాని అవుట్‌పుట్‌ను టీవీ వెనుక ఏఆర్‌సీ అని ముద్రించిన పోర్టుకే కలిపి, టీవీ సెట్టింగులలో సీఈసీని (హెచ్‌డీఎంఐతో కలిపిన పరికరాలు ఒకదానినొకటి అదుపు చేసుకునే సదుపాయాన్ని) కూడా ఆన్ చేసుకోవాలి. ఇంత శ్రమ అక్కర లేదనుకుంటే సౌండ్‌బార్‌ను టీవీ ఆప్టికల్ పోర్టుకే కలిపి, మామూలు స్విచ్ కొనుక్కోవడం చవక.

4కే చూసేవారు పెట్టె మీద మరో రెండు సంగతులు వెతకాలి. హెచ్‌డీఎంఐ 2.0 అంటే సెకనుకు 18 గిగాబిట్ల వరకు పంపుతుంది, 4కే బొమ్మను సెకనుకు 60 ఫ్రేములతో చూపుతుంది, పాత 1.4 పెట్టెలు 4కేలో 30 ఫ్రేముల దగ్గరే ఆగిపోతాయి. రెండవది హెచ్‌డీసీపీ 2.2. ఇది సినిమా సంస్థలు పెట్టుకున్న తాళం వంటిది. దారిలో ఉన్న ఒక్క పరికరానికి ఆ తాళం చెవి లేకపోయినా 4కే రాదు, బొమ్మ 1080పీ రిజల్యూషన్‌కు తగ్గడమో తెర నల్లబడడమో జరుగుతుంది. కొత్త కన్సోల్‌లో సెకనుకు 120 ఫ్రేములు ఆశించేవారు దానిని 18 గిగాబిట్ల పెట్టెలో నుంచి పంపకుండా నేరుగా టీవీకే కలపడం మేలు. కేబుళ్ళు ఇక్కడ అడుగుల లెక్కన అమ్ముతారు. 6 అడుగులవి ఇంటికి చాలు, ఎంత పొడవైతే అంత ఇబ్బంది.

పెదవుల కదలికకు, మాటకు పొంతన కుదరకపోతే కంగారు పడకండి. శబ్దం పెట్టె నుంచే విడిపోయి నేరుగా స్పీకర్లకు వెళుతుంది, బొమ్మ మాత్రం టీవీలో మెరుగులు దిద్దుకుని ఆలస్యంగా వస్తుంది. టీవీలో గేమ్ మోడ్ పెడితే ఆ ఆలస్యం తగ్గుతుంది. సౌండ్‌బార్‌లో శబ్దాన్ని ఆలస్యం చేసే ఆడియో డిలే ఉంటే దానిని కొద్దికొద్దిగా పెంచుతూ సరిచూసుకోవచ్చు.

మన ఊరి నుంచి హోమ్ థియేటర్ తెచ్చుకుందామనుకునేవారికి ఒక హెచ్చరిక. ఇక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. వెనుక 100 నుంచి 240 వోల్టుల వరకు అని రాసి ఉన్న పరికరానికి ప్లగ్ మారిస్తే చాలు. 230 అని మాత్రమే ఉన్న ఆంప్లిఫైయర్‌కు బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కావాలి; విమానంలో దాని సామాను బరువు, ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ ధర కలిపితే గిట్టదు. సొంతంగా కరెంటు అక్కర లేని, తీగలతో మాత్రమే కలిసే స్పీకర్లకు ఈ బెడద లేదు, వాటిని ఇక్కడి ఆంప్లిఫైయర్‌తో వాడుకోవచ్చు. స్విచ్ పెట్టెకు కూడా దానితో వచ్చిన 5 వోల్టుల అడాప్టర్‌నే గోడ ప్లగ్గులో పెట్టండి. టీవీ యూఎస్‌బీ నుంచి కరెంటు ఇస్తే చాలక బొమ్మ మినుకుమినుకుమనవచ్చు.

సబ్‌వూఫర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో చాలావాటి గోడలు, నేలలు చెక్క చట్రాల మీద కట్టినవి. మన ఇటుక గోడల్లో ఆగిపోయే దరువు ఇక్కడ కింది వారి పడకగదిలో వినిపిస్తుంది. నిశ్శబ్దంగా ఉండవలసిన వేళలు లీజులోనే రాసి ఉంటాయి, చదవండి. సబ్‌వూఫర్ కింద మందమైన స్పాంజి పరవండి, రాత్రివేళ దానిని పూర్తిగా ఆపి చిన్న స్పీకర్లతో సరిపెట్టుకోండి. ఒక్క ఫిర్యాదు వచ్చాక పక్కింటివారితో మళ్ళీ మంచి మాట కలపడం కష్టం.

చివరిగా, అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి కొన్ని నెలలు ఉండే ఇళ్ళ సంగతి. పగలు మీరు ఆఫీసుకు వెళ్ళాక వారికి ఆ తెరే తోడు. సీరియల్ చూద్దామని కూర్చున్న పెద్దావిడకు పెట్టె మీద ఉన్న 1, 2, 3 అంకెలు ఏమి చెబుతాయి? తెల్లని టేపు ముక్కల మీద తెలుగులో సినిమాలు, కంప్యూటర్, ఆటలు అని రాసి ఆయా గుండీల కింద అంటించండి. రిమోట్ మీద కూడా అదే చేయండి. వాల్యూం మార్చవలసింది స్పీకర్ గుండీతోనే అని చూపించి, వారి చేతనే రెండుసార్లు తిప్పించండి. పెట్టెలో ఆటో స్విచింగ్ అని ఒక సదుపాయం ఉంటుంది. కొత్తగా ఏ పరికరం మేల్కొంటే అటు తనంతట తానే మారిపోతుంది. పక్క గదిలో నుంచి మీరు ల్యాప్‌టాప్ తెరవగానే ఆవిడ చూస్తున్న సీరియల్ మాయమై ఆఫీసు తెర ప్రత్యక్షమవుతుంది. వారు ఇంట్లో ఉన్నన్నాళ్ళు ఆ సదుపాయాన్ని ఆపి ఉంచండి.