ధ్యానం ఆగలేదు, కోపమూ తగ్గలేదు: లోపం ఎక్కడుందో చూసుకోవడం ఎలా

"రోజూ వాక్యం చదువుతున్నాను బ్రదర్. ప్రార్థన మానలేదు. శుక్రవారం ఉపవాసం కూడా ఉంటున్నాను. అయినా నా స్వభావం మారట్లేదు." గృహ కూడికలు నడిపిస్తున్న ఇన్నేళ్లలో నేను ఎక్కువగా విన్న మాట ఇదే. అడిగేవాళ్లు నిజంగా బాధతోనే అడుగుతారు. వెంటనే పెద్ద పరిష్కారం కావాలంటారు: నలభై రోజుల ఉపవాసమో, కొండమీద ప్రార్థనో. ముందు చూసుకోవాల్సిన చిన్న విషయం మాత్రం చూసుకోరు. అందుకే ఇది రాస్తున్నాను.

మీకు బైబిలు చదివే అలవాటు, ప్రార్థన చేసుకునే సమయం, వెళ్లే సంఘం ఉన్నాయనే అనుకుంటున్నాను. "క్రీస్తుయేసునకు కలిగిన యీ మనస్సు మీరును కలిగియుండుడి" అన్న ఫిలిప్పీ 2:5 కూడా నోటికి వచ్చే ఉంటుంది. ఆ మనస్సు ఎలాంటిదో ఆ కింది వచనాలే చెప్తాయి. దేవుని స్వరూపం కలిగినవాడు దాసుని స్వరూపం ధరించుకున్నాడు, తనను తాను తగ్గించుకున్నాడు, సిలువ మరణం వరకు విధేయుడయ్యాడు. కాబట్టి మన ధ్యానం పనిచేస్తోందా లేదా అని చూడాల్సింది ఇంట్లో, పనిచోట మనం తగ్గుతున్నామా లేదా అన్న దగ్గరే.

లక్షణం: తెల్లవారుజామున లేవలేకపోతున్నాను, లేచినా మోకాళ్ల మీదే కునుకు

రాత్రి ఎన్నింటికి పడుకున్నారు? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఆత్మీయ బలహీనత గురించి మాట్లాడేవాళ్లే ఎక్కువ. మార్కు 1:35 చదివి, యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థించాడని, రేపటి నుంచి నాలుగింటికి లేవాలని తీర్మానం చేసుకుంటారు. కానీ పన్నెండున్నర దాకా ఫోన్ చేతిలోనే ఉంటుంది. ఫోన్ హాల్లో ఛార్జింగ్ పెట్టి పదింటికి పడుకోండి. అలారం కోసం ఒక మామూలు గడియారం కొనుక్కోండి. పొద్దున యాప్‌లో కాకుండా అచ్చు బైబిల్లో చదవండి. రెండు వారాలు ఇలా చేసి చూడండి. నైట్ డ్యూటీ చేసేవాళ్లు, పసిపిల్లల తల్లులు తెల్లవారుజామునే కావాలని పట్టుబట్టకండి. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు దొరికినా ప్రభువు వింటాడు.

లక్షణం: చదివింది పది నిమిషాల్లో మర్చిపోతున్నాను

ఎక్కువ చదువుతున్నారు. బైబిల్లో 1,189 అధ్యాయాలు. ఏడాదిలో పూర్తి చేయాలంటే రోజుకి మూడు నాలుగు. జనవరి ఒకటిన మొదలుపెట్టిన వేగం మూడో పుస్తకమైన లేవీయకాండం దగ్గరికి వచ్చేసరికి టిక్కులు పెట్టుకునే పని అయిపోతుంది. ఆ ప్లాన్ కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఫిలిప్పీ పత్రికలో నాలుగే అధ్యాయాలు, 104 వచనాలు. రోజుకొక అధ్యాయం చొప్పున నెలంతా అదే తిప్పి తిప్పి చదవండి. ఏడుసార్లు పూర్తవుతుంది. నాలుగోసారికి మీకే తెలుస్తుంది తేడా.

లక్షణం: అన్నీ సరిగ్గా జరుగుతున్నాయి, కానీ ఆమెన్ అన్న పది నిమిషాలకే ఇంట్లో అరుస్తున్నాను

అసలు సమస్య ఇది. దీని కారణం కనిపెట్టడానికి నాకే చాలా ఏళ్లు పట్టింది. బయటి నుంచి చూస్తే అంతా బాగానే ఉంటుంది. లేస్తారు, చదువుతారు, నోట్సు రాస్తారు, కన్నీళ్లతో ప్రార్థిస్తారు. లోపం ఒక్కటే: చదువుతున్న వాక్యాన్ని ఎదుటివాళ్ల కోసం చదువుతున్నారు.

నా సంగతే చెప్తాను. ఒక బుధవారం కూడికలో ఫిలిప్పీ రెండో అధ్యాయం మీద మాట్లాడాలి. ఆ పొద్దున ఐదింటికే కూర్చుని సిద్ధపడ్డాను. "వినయమైన మనస్సుగలవారై యొకనినొకడు తనకంటె యోగ్యుడని యెంచుచు" అన్న చోటికి రాగానే మా అన్నయ్య గుర్తొచ్చాడు. పొలం పంపకాల్లో మా ఇద్దరికీ మాటలు లేవు. 'ఆస్తి దగ్గర తగ్గనివాళ్లు' అని నోట్సులో ఒక ఉదాహరణ రాసుకున్నాను. ఆరున్నరకి లేచి, చొక్కా ఇస్త్రీ చేయలేదని మా ఆవిడ మీద వీధి వినేలా అరిచాను. సాయంత్రం అదే వాక్యం చెప్పాను, అందరూ ఆమెన్ అన్నారు. ఇంటికి వస్తుంటే దారిలో ఆవిడ అడిగింది: "ఆ అధ్యాయం ఎప్పుడు చదివారండీ?" పొద్దున అన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు.

ఆ రాత్రి పాత నోట్సు పుస్తకాలు తీసి చూశాను. పేజీల నిండా 'మనం తగ్గించుకోవాలి', 'విశ్వాసులు ఇలా ఉండకూడదు', 'నేటి సంఘం చల్లారిపోయింది'. 'నేను' అన్న మాట కోసం వెతికాను. ఒక పుస్తకం మొత్తంలో ఒక్కచోట కూడా లేదు. మన భాషలో 'మనం' అంటే నేనూ ఉన్నట్టే లెక్క. కానీ 'మనం మారాలి' అన్నప్పుడు నా కళ్ల ముందు ఉన్నది ఎప్పుడూ వేరేవాళ్లే.

ఇది బోధించేవాళ్లకే వచ్చే జబ్బు అనుకోకండి. ప్రసంగం వింటూ 'ఈ మాట మా వదిన వినాల్సింది' అనుకున్నారా? చదివిన వచనం చదివినట్టే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, అది ఎవరు చూడాలో వాళ్లు చూశారా లేదా అని మళ్లీ తెరిచారా? ఎఫెసీ ఐదో అధ్యాయంలో లోబడమని స్త్రీలకు చెప్పిన మాట భర్తలకు కంఠతా వస్తుంది, భార్యలను ప్రేమించమని పురుషులకు చెప్పిన మాట భార్యలకు కంఠతా వస్తుంది. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికని వచ్చిన వాగ్దాన వచనం కార్డు మాత్రం ఎవరిది వాళ్లు బైబిల్లో భద్రంగా పెట్టుకుంటారు. వాగ్దానం చదివినప్పుడు 'ఇది నాకే' అంటాం. ఆజ్ఞ చదివినప్పుడు ఇంకొకరు గుర్తొస్తారు. మీకు ఇలా జరుగుతుంటే కారణం దొరికినట్టే.

ఇంకొకరి భార్యను తీసుకున్న దావీదు రాజుకీ జరిగిందిది. పేదవాడి గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్నాడని నాతాను ప్రవక్త చెప్తే దావీదు మండిపడ్డాడు, వాడు చావాల్సిందే అన్నాడు. "ఆ మనుష్యుడవు నీవే" అనేదాకా ఆ కథ తనదని తెలియలేదు. పేతురు కూడా తనను వెంబడించమన్న ప్రభువు మాట వింటూనే వెనక్కి తిరిగి ఇంకో శిష్యుణ్ణి చూపించి, ఇతని సంగతేమిటని అడిగాడు. యోహాను 21:22లో జవాబు ఉంది: "అది నీకేమి? నీవు నన్ను వెంబడించుము." ఈ వచనం నా బల్ల మీద రాసి పెట్టుకున్నాను.

ఇక సరిచేసుకునే పద్ధతి. పొద్దున చదివాక నోట్సులో ఒకే ఒక్క వాక్యం రాయండి. అది 'నేను'తో మొదలవ్వాలి, అందులో ఒక మనిషి ఉండాలి, ఈ రోజే చేయగలిగే పని ఉండాలి. 'నేను ప్రేమలో ఎదగాలి' అని రాస్తే పనికిరాదు. 'నేను ఈ రోజు అమ్మ మాట్లాడుతుంటే మధ్యలో అందుకోను' అని రాయండి. చదువుతుండగా ఇంకొకరి తప్పు గుర్తొస్తే దానితో పోట్లాడకండి. ఆ పేరు పేజీ పైన రాసి, వాళ్ల మేలు కోసం రెండు మాటలు ప్రార్థించి, మళ్లీ వచనంలోకి రండి. రాత్రి పడుకునే ముందు ఆ వాక్యం చూసి, చేశానో లేదో పక్కన రాయండి. ఆ వచనాన్ని ఆ రోజు ఎవరికీ పంపకండి, స్టేటస్ పెట్టకండి. వాక్యం చెప్పే బాధ్యత ఉన్నవాళ్లు ప్రసంగానికి చదివే భాగం, సొంత ధ్యానానికి చదివే భాగం వేరుగా ఉంచుకోండి. రెండూ ఒకటైతే ప్రసంగమే గెలుస్తుంది, నేను ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే.

వారానికి ఒకసారి ఇంట్లో ఒకరిని అడగండి: "ఈ వారం నా మాట నిన్ను ఎక్కడైనా నొప్పించిందా?" జవాబు పూర్తిగా వినండి. సంజాయిషీ చెప్పకండి. అన్నిటికన్నా కష్టమైనది ఇదే, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మొదటిసారి అడిగినప్పుడు మా అమ్మాయి ఏమీ లేదు నాన్నా అంది. నమ్మడానికి దానికి నెల పట్టింది. ఆ తర్వాత చెప్పడం మొదలుపెట్టింది.

మత్తయి 5:23 కూడా ఈసారి నిదానంగా చదవండి. బలిపీఠం దగ్గర గుర్తు రావాల్సింది నాకు ఎవరి మీద కోపం ఉందన్నది కాదు, "నీమీద నీ సహోదరునికి" విరోధం ఉందన్నది. నేను చాలా ఏళ్లు తిరగేసి చదివాను. సరిగ్గా చదివిన వారం మా అన్నయ్య దగ్గరికి వెళ్లాను. పొలం లెక్క ఇంకా తేలలేదు, కానీ ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం.

ఎన్నాళ్లు పడుతుందని అడుగుతారు. నాకు మొదటి రెండు నెలలు రాత్రిపూట ఎక్కువగా 'చేయలేదు' అనే రాయాల్సి వచ్చింది. అలా వచ్చినా రాయడం ఆపకండి.

అరుదైన కారణాలు

సాతాను ఆటంకం. ఉంది, కాదనను. పైవి మూడూ సరిచూసుకున్నాకే దాని గురించి ఆలోచించండి. సంఘం మారితే బాగుపడతానేమో అన్న ఆలోచన చాలాసార్లు అన్నయ్య మీది కోపంలాంటిదే, వదిలేయండి. ఉపవాసం వల్ల చిరాకు ఎక్కువవుతుంటే, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లు, డాక్టర్ని అడగకుండా ఉండొద్దు. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, బతకాలని లేకపోవడం ఉంటే ధ్యానంలో లోపం వెతుక్కుంటూ కూర్చోకండి. ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఇంట్లో ఒకరికి చెప్పి వాళ్లను తోడు తీసుకెళ్లండి.