ఆటగాడి జీవితరేఖ రాయడం – నాలుగో పాఠం: డిఫెండర్

గత పాఠంలో ఒక ఫార్వర్డ్ ఆటగాడి జీవితరేఖను రాశాం. ఏ సంవత్సరం ఎన్ని గోల్స్ కొట్టాడో చెప్పే పట్టిక ఒకటి చేతిలో ఉండడం వల్ల, కథ ఎక్కడ పైకి లేచిందో, ఎక్కడ దిగిందో ఆ అంకెలే మనకు దారి చూపించాయి. డిఫెండర్, అంటే ఎదుటి జట్టు గోల్ కొట్టకుండా అడ్డుకునే ఆటగాడి దగ్గరికి వచ్చేసరికి ఆ ఊతకర్ర ఉండదు. అతడు బాగా ఆడిన రోజున చెప్పుకోవడానికి ఏమీ జరగదు. తప్పు చేసిన రోజున మాత్రం పేరు పత్రికకెక్కుతుంది. క్రికెట్‌లో వికెట్ కీపర్‌ను బైలు పోయినప్పుడే తలచుకున్నట్టు, ఫుట్‌బాల్‌లో వెనక వరుసలో నిలిచేవాణ్ణి గోల్ పడినప్పుడే తలచుకుంటాం. కాబట్టి ఈ పాఠంలో నేర్చుకోవలసిన నైపుణ్యం ఒక్కటే: జరగని సంగతుల చుట్టూ సాగిన ఒక వృత్తిజీవితాన్ని, ఉన్న ఆధారాలను మించకుండా, చదివించేలా రాయడం.

ఉదాహరణకు మధ్యధరా సముద్రంలోని చిన్న దేశం మాల్టాకు చెందిన ఆటగాడు జాన్ బుట్టిజీజ్‌ను తీసుకుంటున్నాను. పేరున్న ఇటలీ డిఫెండర్లను వదిలేసి ఈయన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, పెద్ద దేశపు డిఫెండర్‌కు కనీసం కప్పులూ పతకాలూ అయినా ఉంటాయి. దీవులన్నీ కలిపినా 316 చదరపు కిలోమీటర్లకు మించని మాల్టా తరఫున ఆడినవాడికి ఆ ఆసరా కూడా ఉండదు. ఇక్కడ చెయ్యి కుదిరితే మరెక్కడైనా కుదురుతుంది.

మొదట ఎముకల గూడు సిద్ధం చేసుకుందాం. జననం 1963 అక్టోబరు 5, స్లీమా పట్టణం. ఆట మొదలైంది ఆ ఊరి క్లబ్బు స్లీమా వాండరర్స్‌తోనే. 1988లో ఇంగ్లండ్‌కు వెళ్లి, లండన్ పడమటి భాగంలోని బ్రెంట్‌ఫర్డ్ క్లబ్బులో చేరాడు. అప్పుడు ఆ క్లబ్బు మూడో డివిజన్‌లో ఉండేది. అక్కడ సుమారు నలభై లీగ్ మ్యాచ్‌లు ఆడాడు. నడుమ 1990లో కొద్దికాలం స్విండన్ టౌన్ క్లబ్బుకు లోన్ మీద, అంటే తాత్కాలికంగా అరువు ఆటగాడిగా, వెళ్లాడు. తరువాత స్వదేశం చేరి ఫ్లోరియానా, వలెట్టా క్లబ్బులకు ఆడాడు. 1984 నుంచి 2000 దాకా జాతీయ జట్టు తరఫున తొంభైకి పైగా మ్యాచ్‌లు ఆడాడు. 2009 నుంచి 2011 దాకా అదే జట్టుకు కోచ్‌గా పనిచేశాడు. మీ నోటుపుస్తకంలో ఈ వాక్యాలను సంవత్సరాల వారీగా, ఒక్కో వరుసకు ఒక్కో సంగతి చొప్పున, ఎడమ పేజీలో రాసుకోండి. కుడి పేజీని ఖాళీగా ఉంచండి. దాని పని తరువాత వస్తుంది.

‘తొంభైకి పైగా’ అని ఎందుకు రాశానో గమనించండి. అంతర్జాతీయ మ్యాచ్‌ల లెక్కలో ఒక జాబితాకూ మరో జాబితాకూ ఒకటి రెండు తేడా రావడం మామూలే, ఎందుకంటే ఏ స్నేహపూర్వక మ్యాచ్‌ను అధికారికమైనదిగా లెక్కించాలన్న విషయంలో జాబితా తయారుచేసేవాళ్ల పద్ధతులు వేరువేరుగా ఉంటాయి. నిక్కచ్చిగా కనిపించాలన్న తాపత్రయంతో చివరి అంకె దాకా పోవడం కంటే, నిలబడే అంకె దగ్గర ఆగడం మేలు.

ఇక పేర్లు. తెలుగులో రాసేవాళ్లు తరచూ తడబడేది ఇక్కడే. మాల్టా భాష అరబ్బీ కుటుంబానికి చెందినదే అయినా దాన్ని రోమన్ లిపిలో రాస్తారు. అందువల్ల ఇంగ్లిషు ఉచ్చారణతో చదివితే పేర్లన్నీ వంకర పోతాయి. ఆ భాషలో ఎక్స్ అక్షరానికి ‘ష’ ధ్వని ఉంటుంది కనుక అక్కడి జాలరుల పల్లె మార్సాష్లోక్ అవుతుంది కాని మార్సాక్స్‌లోక్ కాదు. క్యూ అక్షరం గొంతులో పలుకు తెగినప్పటి చిన్న విరామం మాత్రమే కనుక జాతీయ స్టేడియం ఉన్న చోటు పేరు తాఆలి. దాన్ని తాకాలి అని రాస్తే అక్కడివాళ్లు గుర్తు పట్టలేరు. మన ఆటగాడి ఇంటిపేరును అమెరికా రాజకీయ వార్తల్లో బూటజెజ్ అని వింటుంటాం, అది అమెరికాలో స్థిరపడిన పలుకు. మాల్టాలో ఆ పేరు బుట్టిజీజ్‌కు దగ్గరగా ఉంటుంది. ఆ మాటకు మూలం కోళ్లను సూచించే పదమని చెబుతారు. కోడి, పిల్లి, నక్కా అనే ఇంటిపేర్లున్న మనకు అందులో వింతేమీ లేదు. కానీ ఒక జాగ్రత్త మాత్రం అవసరం: మాల్టాలో ఈ ఇంటిపేరు సర్వసాధారణం. జట్టు జాబితాలో ఇంటిపేరు ఒక్కటే కనిపించినప్పుడు అది మీరు రాస్తున్న మనిషిదేనని తేల్చుకోకుండా అడుగు ముందుకు వేయకండి.

ఇప్పుడు కుడి పేజీకి వద్దాం. ఎడమ పేజీలోని ప్రతి వరుసకూ ఎదురుగా, ఆ కాలంలో ఆ ఆటగాడి చుట్టూ ఏముందో రాయాలి. దీన్ని నేను ‘బరువు చూడడం’ అంటాను. డిఫెండర్ జీవితరేఖకు ప్రాణం అదే. అతడు ఎన్ని గోల్స్ ఆపాడో చెప్పే పట్టిక ఏదీ లేదు గనుక, అతడి మీద పడిన బరువు ఎంతో పాఠకుడికి చూపించాలి.

1984 ఎదురుగా ఏం రాస్తారు? అంతకుముందు ఏడాది 1983 డిసెంబరు 21న సెవిల్ నగరంలో మాల్టా జట్టు స్పెయిన్ చేతిలో 12–1 తేడాతో ఓడింది. నెదర్లాండ్స్‌ను దాటి ఐరోపా పోటీకి అర్హత పొందాలంటే స్పెయిన్‌కు ఆ రాత్రి పదకొండు గోల్స్ ఆధిక్యం కావాలి. విరామ సమయానికి స్కోరు 3–1 మాత్రమే. రెండో సగంలో తొమ్మిది గోల్స్ పడ్డాయి. సాంతిల్యానా నాలుగు, రింకోన్ నాలుగు కొట్టారు. మాల్టా ఫుట్‌బాల్ చరిత్రలో అంతగా చర్చకు వచ్చిన రాత్రి మరొకటి లేదు. బుట్టిజీజ్ జాతీయ జట్టులోకి వచ్చింది ఆ మరుసటి సంవత్సరం. అంటే ఆ పరాభవం ఆయన ఖాతాలోది కాదు. కానీ దాని నీడ ఇంకా చెదరని జట్టులో, ఆ పన్నెండు గోల్స్ పడిన వరుసలోనే, ఆయన నిలబడవలసి వచ్చింది. ఈ రెండు వాక్యాల మధ్య తేడాను కాపాడుకోవడమే ఈ పాఠంలో కష్టమైన భాగం. మొదటిది మరిచిపోతే అబద్ధం రాసినట్టు, రెండోది మరిచిపోతే కథ చప్పబడినట్టు.

1988 ఎదురుగా రాయవలసింది వేరే రకం. అప్పటి మాల్టా లీగ్‌లో చాలామంది పగలు ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు సాధన చేసేవారు. ఇంగ్లండ్‌లో మూడో డివిజన్ అంటే మనకు చిన్నమాటగా వినిపించవచ్చు. కానీ ఆటే జీతంగా, రోజూ సాధనగా బతికే వాతావరణం అది. పొడవాటి బంతులూ బురద మైదానాలూ అలవాటైన ఆ ఫుట్‌బాల్‌లోకి వెళ్లిన మనిషి తన తొలి సంవత్సరాల్లో ఎలాంటి మైదానాల దేశంలో పెరిగాడో గుర్తు చేసుకోండి. తాఆలిలో, ఒకప్పటి సైనిక విమానస్థావరం ఉన్న చోట, పచ్చికతో జాతీయ స్టేడియం 1981లో తెరిచేదాకా మాల్టాలో పెద్ద మ్యాచ్‌లు జరిగింది గ్జీరాలోని ఎంపైర్ స్టేడియంలో. అక్కడ గడ్డి ఉండేది కాదు, గట్టిపడిన ఇసుక నేల. 1971లో ఇంగ్లండ్ జట్టు వచ్చి ఆడిందీ ఆ నేల మీదే, గెలిచింది ఒక్క గోల్ తేడాతో. ఇలాంటి ఒక్క భౌతిక వివరం, పదిసార్లు ‘పట్టుదల గల ఆటగాడు’ అని రాసిన దానికంటే ఎక్కువ పని చేస్తుంది.

మరో సంగతి: ఆయన సముద్రం దాటిన ఆ 1988–89 సీజన్‌లోనే స్లీమా వాండరర్స్ మాల్టా లీగ్ విజేత అయింది. వ్యాఖ్య అక్కరలేదు, పక్కపక్కన పెడితే చాలు.

ఇక మూడు గుంటలు. మీరు పంపిన అభ్యాసాల్లో ఎక్కువమంది వీటిలోనే పడ్డారు.

మొదటిది, క్లబ్బు ఘనతను ఆటగాడి ఖాతాలో వేయడం. 1989 మార్చిలో బ్రెంట్‌ఫర్డ్ ఇంగ్లండ్ నాకౌట్ పోటీ అయిన ఎఫ్.ఎ. కప్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లి లివర్‌పూల్ చేతిలో 4–0తో ఓడింది. ‘బుట్టిజీజ్ లివర్‌పూల్‌ను ఎదుర్కొన్నాడు’ అని రాయడానికి ఆ ఒక్క సంగతి చాలదు. ఆనాటి పదకొండు మంది జాబితా కావాలి. ‘ఆయన చేరిన సీజన్‌లో క్లబ్బు క్వార్టర్ ఫైనల్ ఆడింది’ అంటే మాత్రం ఎవరూ వేలెత్తి చూపలేరు.

రెండోది, యాదృచ్ఛికాన్ని కారణంగా మార్చడం. ఆయన చేరినప్పుడు బ్రెంట్‌ఫర్డ్ మేనేజర్ స్టీవ్ పెరీమన్. 1990లో స్విండన్ మేనేజర్ ఓసీ అర్దీలెస్. వీరిద్దరూ టాటెన్‌హామ్ క్లబ్బులో కలిసి ఆడిన స్నేహితులు. ఇది చదవగానే చెయ్యి దురద పెడుతుంది: ‘ఆ స్నేహం వల్లనే లోన్ కుదిరింది’ అని రాసేయాలనిపిస్తుంది. కానీ పెరీమన్ ఆ వేసవిలోనే బ్రెంట్‌ఫర్డ్‌ను వదిలాడు. రెండు సంగతులు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకటి రెండోదాన్ని పుట్టించినట్టు కాదు. ఆ వాక్యాన్ని కొట్టేయండి. నేను మొదటిసారి రాసినప్పుడు కొట్టేయలేదు, ఆ సిగ్గుతోనే చెబుతున్నాను.

మూడోది, స్కోరును నైపుణ్యానికి కొలబద్దగా పెట్టడం. 1990 డిసెంబరు 19న తాఆలిలో నెదర్లాండ్స్ మాల్టాను 8–0తో ఓడించింది. ఐదు గోల్స్ ఒక్క మార్కో వాన్ బాస్టెన్‌వే. ఆనాటికి ఆయనను ఆపలేకపోయిన డిఫెండర్లు ఐరోపా మేటి జట్లలోనూ ఉన్నారు. అదే దశాబ్దం మలుపులో మాల్టా ఆడిన ఇతర మ్యాచ్‌లు చూడండి. 1987 మార్చిలో పోర్చుగల్‌తో వాళ్ల గడ్డ మీదే 2–2. ప్రపంచ కప్ అర్హత పోటీల్లో హంగరీతో 1988 డిసెంబరులో ఇంటి దగ్గర 2–2, 1989 ఏప్రిల్‌లో బుడాపెస్ట్‌లో 1–1. అదే ఏడాది నవంబరులో ఐర్లాండ్ తన చరిత్రలో తొలి ప్రపంచ కప్‌కు అర్హత పొందింది తాఆలిలోనే, జాన్ ఆల్డ్రిడ్జ్ రెండు గోల్స్‌తో, స్కోరు 2–0. చిన్న జట్టుకు డ్రా ఎంత విలువైనదో, 2–0 ఓటమిలో ఎంత పని దాగి ఉంటుందో పాఠకుడికి మీరు చెప్పకపోతే అతడికి తెలియదు. ఓటములనూ డ్రాలనూ ఒకే పేరాలో పెట్టండి, విడివిడిగా పెట్టకండి.

ఇప్పుడు ఒక పేరాను రెండు విధాలుగా చూద్దాం. మొదటిది అభ్యాసాల్లో తరచూ కనిపించే ధోరణి:

‘మాల్టా రక్షణ కోటగా పేరొందిన జాన్ బుట్టిజీజ్ తన అద్భుత ప్రతిభతో ఇంగ్లండ్‌ను సైతం ఆకట్టుకుని, అంతర్జాతీయ స్థాయిలో ఎనలేని సేవలందించారు.’

ఇందులో అబద్ధమేమీ ఉండకపోవచ్చు. కానీ పేరు మార్చి ఏ దేశపు డిఫెండర్‌కు తగిలించినా సరిపోతుంది. అదే సంగతిని బరువు చూసి రాస్తే ఇలా ఉంటుంది:

‘స్పెయిన్ చేతిలో పన్నెండు గోల్స్ పడిన మరుసటి ఏడాది జాతీయ జట్టులోకి వచ్చిన జాన్ బుట్టిజీజ్, ఆ వెనక వరుసలో పదహారేళ్లు నిలిచాడు. ఆ కాలంలో మాల్టా గెలిచిన అర్హత మ్యాచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నడుమ బ్రెంట్‌ఫర్డ్‌లో సుమారు నలభై లీగ్ మ్యాచ్‌లు, స్విండన్‌లో కొద్దిపాటి లోన్ కాలం గడిపి ఇంటికి తిరిగి వచ్చాడు. జాతీయ జట్టుకు ఆడడం మానిన తొమ్మిదేళ్లకు అదే జట్టుకు కోచ్ అయ్యాడు. 2012 ఐరోపా పోటీ అర్హత మ్యాచ్‌లలో ఆ జట్టుకు దక్కింది జార్జియాతో డ్రా వల్ల వచ్చిన ఒక్క పాయింటు.’

రెండో పేరాలో పొగడ్త ఒక్కటీ లేదు. వయసు కూడా రాయాలనుకుని పుట్టిన తేదీతో లెక్క వేసి చూసుకున్నాను: 1984 అక్టోబరు 5కు ముందు అయితే ఇరవై నిండి ‘ఇరవై ఒకటో ఏట’, ఆ తరువాత అయితే ‘ఇరవై రెండో ఏట’ అని రాయాలి. తొలి మ్యాచ్ తేదీ నా ఎడమ పేజీలో లేదు కనుక వయసును వదిలేసి సంవత్సరంతో సరిపెట్టాను, మీరూ అలాగే చేయండి.

ఈ వారం అభ్యాసం. మీకు నచ్చిన ఒక డిఫెండర్‌ను ఎంచుకోండి. గోల్స్ ఎక్కువగా కొట్టే డిఫెండర్లను మాత్రం వద్దు. రెండు పేజీల పట్టిక పూర్తి చేసి, దాని నుంచి నూటయాభై పదాల పేరా ఒకటి రాయండి. రాసిన తరువాత ఆటగాడి పేరును వేలితో మూసి, మరో ఆటగాడి పేరు పెట్టి చదవండి. ఏ వాక్యం చెక్కుచెదరకుండా నిలుస్తుందో దాన్ని కొట్టేయండి. ఆపైన మిగిలినదాన్నే శుభ్రంగా తిరగరాసి దాచుకోండి. వచ్చే పాఠంలో గోల్‌కీపర్ దగ్గరికి వెళతాం. అప్పుడు సెవిల్‌లో ఆ రాత్రి మాల్టా గోల్‌లో నిలిచిన జాన్ బొనెల్లోతో మొదలుపెడదాం.