డెల్టావింగ్ కారును లె మాన్స్‌లో నడిపే పద్ధతి

తిరుపతిలో సిమ్యులేటర్ ముందు కూర్చుని ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల కారు రేసు సాధన చేసే ఇంజనీరింగ్ విద్యార్థులు డెల్టావింగ్ అనే ప్రయోగాత్మక రేసు కారును ఎంచుకుంటే, ముందు సన్నగా, వెనుక వెడల్పుగా ఉండే దాని ఆకారాన్ని ముందుగా మనసులో నిలుపుకోవాలి. 2012లో 13.6 కిలోమీటర్ల లె మాన్స్ సర్క్యూట్‌పై పరుగెత్తిన ఈ కారు ముందు టైర్ల వెడల్పు 4 అంగుళాలే. బరువులో దాదాపు 72 శాతం వెనుక చక్రాలపైనే ఉంటుంది.

అలిపిరి దగ్గర ఆటో నడిపేవారిని అడిగితే సగం పాఠం వారే చెబుతారు: ముందు చక్రం గుంతను తప్పించుకున్నా వెనుక చక్రం అందులో పడుతుంది. ఇక్కడా అంతే. కారు ముక్కు మలుపు లోపలి అంచును దాటిందని తొందరపడి స్టీరింగ్ తిప్పితే, వెడల్పైన వెనుక భాగం అంచు మీదికి ఎక్కుతుంది కనుక, కాస్త ఆలస్యంగా తిప్పి, లోపలివైపు వెనుక చక్రం ఎక్కడుందో లెక్కలో పెట్టుకోవాలి. గట్టి బ్రేకింగ్ తిన్నని దారిలోనే ముగించాలి. (తిరుమల ఘాట్ రోడ్డుపై ఈ సాధన వద్దు.)

ఆ సర్క్యూట్‌లోని పోర్షె మలుపుల్లో గోడలు దగ్గరగా ఉంటాయి. 2012లో మరో కారు తగలడంతో ఇది అక్కడే గోడను ఢీకొనగా, డ్రైవర్ సతోషి మోటొయామా ట్రాక్ పక్కనే చాలాసేపు మరమ్మతు చేసి చివరకు విరమించుకున్నారు. సన్నని ముక్కు పక్కవారి అద్దంలో సులువుగా కనబడదని భావించి, వేగవంతమైన కారు దాటుతున్నప్పుడు మీ దారిని మార్చకండి.