పుంజు రాత్రి మూడింటికే లేపేస్తోందా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూరు, రాయగడ వైపు పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకునే ఇళ్లు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. గోడకు గోడ ఆనుకున్న వీధుల్లో ఒకరి పుంజు కూస్తే మూడిళ్లకు నిద్ర ఉండదు. కూతను పూర్తిగా మాన్పించలేం. ఎప్పుడు, ఎన్నిసార్లు కూస్తుందన్నది మాత్రం కొంత మన చేతిలో ఉంది.

తెల్లారడానికి రెండు గంటల ముందే మొదలెడుతోంది

వెలుతురు చూసే కూస్తుందనుకుంటాం. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో ప్రచురించిన పరిశోధనలో, రోజంతా మసక వెలుతురులోనే ఉంచినా పుంజులు వేళకే కూశాయి. గడియారం వాటి ఒంట్లోనే ఉంది. అందుకే గూటి మీద గోనెపట్టా కప్పినంత మాత్రాన పని జరగదు.

కూయాలంటే పుంజు మెడ పైకి సాచాలి. ఆ చోటు ఇవ్వకండి. రాత్రికి ఒక చెక్కపెట్టె చేయించండి: మామూలుగా నిలబడితే తల తగలకూడదు, మెడ సాచితే పైన తగలాలి. వెదురు గంప పనికిరాదు, నడుమ ఎత్తెక్కువ. గాలికి రెండు పక్కలా చిల్లులు తప్పనిసరి. అడుగున ఊక పోసి రోజూ రెట్ట తీసేయాలి, లేకపోతే ఆ ఘాటుకి కళ్లు మండుతాయి. మే నెల ఎండల్లో ఈ పెట్టె వద్దే వద్దు. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతోందంటే వెంటనే బయటికి తీసేయండి. పొద్దున తలుపు తీయగానే నాలుగు కూతలు గట్టిగానే వేస్తుంది. అప్పటికి వీధి లేచే ఉంటుంది, ఎవరూ ఏమీ అనరు.

అర్ధరాత్రి కూతలు

వీధిలైటు గూట్లోకి పడుతోందేమో చూడండి. లేదంటే ముంగిసో పందికొక్కో పిల్లో తిరుగుతూ ఉంటుంది. గడియ బిగించి, గూటి ముఖం చీకటివైపు తిప్పండి.

ఒకటి మొదలెడితే మిగతావి అందుకుంటున్నాయి

పుంజుల్లో పెద్దరికం ఉంటుంది. ముందు పెద్ద పుంజు కూస్తుంది, తర్వాత మిగతావి వరసగా. పెద్దదాన్ని కోసేస్తే పీడా పోతుందనుకోకండి, రెండోది ఆ స్థానం తీసుకుంటుంది. పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. వనరాజ లాంటి పెరటి కోళ్ల రకం పిల్లల్ని, ఆడా మగా వేరుచేయకుండా కలగలుపుగా తెస్తే సగానికి సగం పుంజులే తేలతాయి. తురాయి ఎర్రబడడం మొదలవగానే అమ్మేయండి. కార్తీకంలో ఈ గోల ఇంకా ఎక్కువ. ఒడియావాళ్లూ మనవాళ్లూ చాలామంది నీసు ముట్టరు కాబట్టి పుంజులు పోగుపడతాయి. పున్నమి మర్నాడు ఛాడఖాయి (మళ్లీ నీసు మొదలెట్టే రోజు) వస్తే గానీ వీధి సద్దుమణగదు.

కూత తగ్గడానికి మెడకు పట్టీ కట్టొచ్చా?

రబ్బరు బ్యాండు, తాడు అస్సలు వద్దు. మేత మింగలేదు, ఊపిరాడక చస్తుంది. మెత్తటి వెల్క్రో పట్టీ అయినా చిటికెన వేలు దూరేంత వదులుండాలి, మీ కళ్లెదుటే ఉండాలి.

గుడ్ల కోసమే అయితే అసలు పుంజుతో పనే లేదు, పెట్టలు మామూలుగానే పెడతాయి. పొదిగించాలనుకున్నప్పుడు చుట్టాల ఊరినుంచి ఆరోగ్యంగా ఉన్న పుంజుని కొన్నాళ్లు తెచ్చుకోండి. అది వెళ్లిపోయాక కూడా వారం దాకా పెట్టిన గుడ్లు పొదుగుకి పనికొస్తాయి.