నాన్నగారి షెడ్డులోని పాత కార్లకు విలువ కట్టడం ఎలా?

తల్లిదండ్రులు అపురూపంగా దాచుకున్న పాతకాలపు కార్లకు విలువ కట్టవలసి వచ్చినప్పుడు, చాలామంది అమ్మకపు ప్రకటనల్లో అదే మోడలును వెతికి, అక్కడ కనిపించిన అతిపెద్ద అంకెను తమ కారుకు తగిలించుకుంటారు. నిజానికి ధరల వేట చివర చేయవలసిన పని. విలువ ఎందుకు కావాలో ముందు తేల్చుకోవాలి. వారసుల మధ్య పంపకానికైతే ఒక నిర్ణీత తేదీ నాటి మార్కెట్ ధర కావాలి. బీమాకైతే అలాంటి కారునే మళ్లీ సంపాదించడానికి ఎంతవుతుందో చూడాలి. త్వరగా వదిలించుకోవాలంటే, డీలరు తన ఖర్చులూ లాభమూ మినహాయించుకుని ఇచ్చే మొత్తమే లెక్క. ఈ మూడూ ఒకే అంకె కావు.

తరువాత, ఆ కారు సరిగ్గా ఏదో నిర్ధారించుకోవాలి. మోడలు పేరు ఒక్కటే చాలదు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కార్లు 2 కోట్లకు పైగా తయారైనా, 1953 తొలినాళ్ల వరకు వచ్చిన, వెనుక అద్దం రెండు ముక్కలుగా ఉండే బీటిల్‌కు సేకర్తల్లో ఉన్న గిరాకీ తరువాతి వాటికి లేదు. అందుకే ఛాసిస్ నంబరును, ఇంజిన్ నంబరును బండి మీద నుంచే ఫొటో తీసి, రిజిస్ట్రేషన్ పత్రంతో సరిపోల్చండి. 1981కి ముందు కార్లలో ఇప్పటిలా అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండే ఛాసిస్ నంబరు సాధారణంగా ఉండదు. పొట్టిగా ఉందని కంగారు పడనక్కరలేదు. కారుతో పుట్టిన ఇంజిన్ అందులోనే ఉందా, లేక మధ్యలో మార్చారా అన్నది ధరను గట్టిగా ప్రభావితం చేస్తుంది. కొన్ని కంపెనీల చారిత్రక విభాగాలు, ఆ నంబరుతో కారు ఏ రంగులో, ఏ ఇంజిన్‌తో బయటకు వచ్చిందో తెలిపే ధ్రువపత్రాన్ని రుసుము తీసుకుని ఇస్తాయి.

ఇక కాగితాలు. కొన్ననాటి బిల్లు, సర్వీసు పుస్తకం, మరమ్మతుల రసీదులు, పాత ఫొటోలు, రెండో తాళంచెవి, డిక్కీలోని పనిముట్ల సంచి, ఆఖరికి మూల పడేసిన పాత భాగాలు, అన్నీ విలువలో భాగమే. షెడ్డు శుభ్రం చేసే ఉత్సాహంలో పోయేవి సాధారణంగా ఇవే. పెద్దవారు చెప్పగలిగే స్థితిలో ఉంటే, ప్రతి కారు కథనూ వారి గొంతుతోనే రికార్డు చేసుకోండి; ఎవరి దగ్గర కొన్నారో, ఎప్పుడు రంగు వేయించారో ఇంకెవరికీ తెలియకపోవచ్చు.

అంచనాకు ముందు కొత్తగా రంగు వేయించడం, సీట్లు మార్పించడం తొందరపాటు. పెట్టిన ఖర్చు తిరిగి రాకపోగా, అసలు రంగు పోయి ధర తగ్గే ప్రమాదం కూడా ఉంది. ఏళ్లుగా నిలిపి ఉంచిన ఇంజిన్‌ను తాళం తిప్పి ఆడించి చూడాలన్న ఉబలాటాన్ని మెకానిక్ వచ్చేదాకా ఆపుకోవాలి. తుప్పు కోసం తలుపుల కింది అంచులు, చక్రాల పై వంపులు, నేల రేకు, బ్యాటరీ పెట్టే చోటు చూడండి. మెత్తటి గుడ్డ చుట్టిన అయస్కాంతం ఉక్కు రేకుకు అంటుకోని చోట లోపల పుట్టీ ఉండవచ్చు; అల్యూమినియం, ఫైబర్‌గ్లాస్ బాడీలకు ఈ పరీక్ష పనికిరాదు. ధరల పట్టికలు సాధారణంగా స్థితిని ప్రదర్శన స్థాయి నుంచి ‘ఫర్వాలేదు’ స్థాయి వరకు నాలుగు మెట్లుగా విభజిస్తాయి. సొంతవాళ్లం కాబట్టి మనం ఒక మెట్టు ఎక్కువే వేసుకుంటాం; మొదటి మెట్టు ప్రదర్శనల్లో బహుమతులు గెలిచే కార్లకే చెందుతుంది.

ఇప్పుడు ధరలకు రావచ్చు. అడుగుతున్న ధరను పక్కన పెట్టి, గడిచిన ఏడాది రెండేళ్లలో అదే తరహా, అదే స్థితి కార్లు నిజంగా ఎంతకు అమ్ముడయ్యాయో వేలం ఫలితాల్లో చూడండి. కొన్ని సంస్థలు ప్రకటించే మొత్తంలో కొనుగోలుదారు చెల్లించే కమీషన్ కూడా కలిసి ఉంటుంది. అమ్మినవారి చేతికి వచ్చేది అంతకంటే తక్కువ. మనది నడవని కారైతే, నడిచే కారు ధరలో నుంచి మరమ్మతు ఖర్చును తీసివేసినా లెక్క పూర్తి కాదు, ఎందుకంటే కొనేవాడు తన శ్రమకూ, బానెట్ కింద బయటపడబోయే తెలియని లోపాలకూ మరికొంత తగ్గిస్తాడు.

కార్లు ఎక్కువగా ఉంటే, ఈ వడపోతలో పైకి తేలినవాటికి మాత్రం వృత్తి నిపుణుడిని పిలిపించడం చాలు. ఆయన ఆ కారును కొనాలనుకునేవాడు కాకూడదు. రుసుమును విలువలో శాతంగా కాక నిర్ణీత మొత్తంగా తీసుకునేవాడై ఉండాలి. కారును స్వయంగా చూసి, ఫొటోలు, పోల్చిన అమ్మకాలు, విలువ కట్టిన తేదీ, ప్రయోజనం పేర్కొంటూ సంతకంతో నివేదిక ఇవ్వమని ముందే మాట్లాడుకోండి.