సీరియల్ కార్డు అసలు వేగం తేల్చుకోవడం ఎలా

లీజ్డ్ లైన్ (టెలికం కంపెనీ దగ్గర అద్దెకు తీసుకున్న ప్రత్యేక లైన్) 2 మెగాబిట్లదే, మోడెమ్ దీపాలూ పచ్చగానే ఉన్నాయి, అయినా ఫైళ్లు నత్తనడక నడుస్తున్నాయి. ఇలాంటప్పుడు టెలికం వాళ్లకు ఫోన్ కొట్టే ముందు రౌటర్‌లో ఏ సీరియల్ కార్డు (మోడెమ్ కేబుల్ తగిలించే పోర్టుల కార్డు) ఉందో చూడాలి. ఇక్కడి వివరాలు పాత సిస్కో రౌటర్లవి. వేగాలన్నీ సెకనుకు.

ఎక్కువమంది బోల్తా పడేది విక్ (డబ్ల్యూఐసీ) రకం కార్డుల్లోని విక్-2టీ, విక్-2ఏ/ఎస్‌ల దగ్గర. రెంటికీ రెండేసి 26 పిన్నుల స్మార్ట్ సీరియల్ పోర్టులు, రెంటికీ ఒకటే కేబుల్. కానీ ఏ/ఎస్ కార్డు సింక్రనస్‌లో (క్లాక్ సంకేతం తోడుగా పంపే పద్ధతి) 128 కిలోబిట్లు దాటదు, అసింక్రనస్‌లో (ఆ క్లాక్ లేకుండా పంపే పద్ధతి) 115.2 దగ్గర ఆగుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ముఖం మీద అచ్చేసిన పేరు చదవకుండా డబ్బు ఇవ్వొద్దు. ఇప్పటికే బిగించి ఉంటే రౌటర్ కమాండ్ లైన్‌లో ‘షో డయాగ్’ కొడితే పేరు తెలుస్తుంది. ఈ విక్ కార్డులు తీసినా పెట్టినా ముందు పవర్ ఆపాల్సిందే.

విక్-1టీకి 60 పిన్నుల వెడల్పు పోర్టు ఒకటి ఉంటుంది, పరిమితి 2.048 మెగాబిట్లు. అంతే వేగం ఉండే ఒక ఈ1 రకం టెలికం లైన్‌కు సరిగ్గా సరిపోతుంది. హెచ్‌విక్-2టీ కార్డులో ఒక్కో పోర్టుకూ 8 మెగాబిట్లు. నాలుగు పోర్టుల ఎన్ఎం-4టీ లెక్క వేరు: 0 పోర్టు ఒక్కటే వాడితే 8, 0తో పాటు 2 కూడా వాడితే చెరి 4, నాలుగూ వాడితే తలా 2. విక్-2టీకి మాత్రం రౌటర్ మోడల్‌ను బట్టి, రెండు పోర్టులూ వాడుతున్నారా లేదా అన్నదాన్ని బట్టి పరిమితి మారుతుంది. అందుకే కార్డు డేటాషీట్ ఒక్కటీ చాలదు, ఆ రౌటర్‌దీ చూడాలి.

తర్వాత కేబుల్. ‘షో కంట్రోలర్స్ సీరియల్ 0/0/0’ కొడితే కేబుల్ రకం వీ.35 అనో ఆర్ఎస్-232 అనో, ఆ కొస డీటీఈ (క్లాక్ అందుకునేది) అనో డీసీఈ (క్లాక్ ఇచ్చేది) అనో చెబుతుంది. ఆర్ఎస్-232 కనిపిస్తే 64 కిలోబిట్ల పైన ఆశ పెట్టుకోవద్దు. వీ.35 అయితే 2 మెగాబిట్ల దగ్గర కేబుల్‌ను 15 మీటర్లు దాటనివ్వకండి.

క్లాక్, అంటే బిట్లు ఏ వేగంతో కదలాలో చెప్పే సంకేతం, ఇచ్చేది డీసీఈ వైపే. లీజ్డ్ లైన్‌లో మోడెమే క్లాక్ ఇస్తుంది కాబట్టి రౌటర్‌లో ‘క్లాక్ రేట్’ కొట్టి లాభం లేదు. ల్యాబ్‌లో రెండు రౌటర్లను నేరుగా కలిపినప్పుడే డీసీఈ కొస ఉన్న రౌటర్‌లో ‘క్లాక్ రేట్ 2000000’ పెట్టాలి. ‘బ్యాండ్‌విడ్త్’ కమాండ్‌తో దీన్ని కలిపేయొద్దు. మామూలుగా కనిపించే 1544 అంకె రౌటింగ్ ప్రొటోకాల్ (దారి ఎంచుకునే పద్ధతి) లాంటి వాటి లెక్కల కోసమే. దాన్ని 8000 చేసినా లైన్ ఒక్క బిట్ కూడా వేగం పెంచుకోదు.

ఇక అసలు వేగం కొలవడం. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు అవతలి సీరియల్ చిరునామాకు 100 బైట్లతో ఇరవై పింగ్‌లు (వెళ్లి తిరిగొచ్చే పరీక్ష ప్యాకెట్లు), 1500 బైట్లతో ఇరవై పింగ్‌లు పంపండి. రెండు సార్లూ వచ్చిన కనిష్ఠ సమయాల తేడా తీయండి. 1400 బైట్ల తేడా, రానూపోనూ కలిపి 22,400 బిట్లు. దాన్ని మిల్లీసెకన్ల తేడాతో భాగిస్తే కిలోబిట్లలో వేగం వస్తుంది. తేడా 11 దగ్గర ఉంటే 2 మెగాబిట్లు నిజమే. 175 వస్తే 128 కిలోబిట్లు, 350 వస్తే 64. దూరం వల్ల వచ్చే ఆలస్యం రెండు పింగ్‌లలోనూ ఉంటుంది కాబట్టి తీసివేతలో పోతుంది.

లెక్క 1984 దగ్గర తేలితే కంగారు పడొద్దు. ఫ్రేమ్ చేసిన ఈ1లో, అంటే 64 కిలోబిట్ల 32 టైమ్‌స్లాట్లుగా విడగొట్టిన లైన్‌లో, మొదటి టైమ్‌స్లాట్ సింక్ కోసం పోతుంది, మిగిలిన 31ని 64తో గుణిస్తే వచ్చేది అదే.

వేగం సరిగానే ఉన్నా ప్యాకెట్లు పోతుంటే ‘క్లియర్ కౌంటర్స్’ కొట్టి, పది నిమిషాలాగి ‘షో ఇంటర్‌ఫేసెస్’ చూడండి. ఓవర్‌రన్‌లు పెరుగుతుంటే వచ్చే డేటాను కార్డో రౌటరో అందుకోలేకపోతోంది. సీఆర్‌సీ (డేటా దారిలో చెడిందని తేలిన తప్పులు), అబార్ట్‌లు (మధ్యలో తెగిపోయిన ఫ్రేములు) మాత్రమే పెరుగుతుంటే అనుమానం కేబుల్ మీదికి, క్లాక్ మీదికి మళ్లాలి. క్లాక్‌ను సగానికి తగ్గిస్తే తప్పులు ఆగిపోయాయా? పొడవు కేబుల్‌లో డేటాకూ క్లాక్‌కూ లయ తప్పుతోందన్నమాట. డీసీఈ రౌటర్ ఇంటర్‌ఫేస్‌లో ‘డీసీఈ-టెర్మినల్-టైమింగ్-ఎనేబుల్’ పెట్టి చూడండి, లేదా పొట్టి కేబుల్ మార్చండి. పొట్టి కేబులే చవక మందు.