నిర్మాణానికి ముందు పొలంలో పురావస్తు సర్వే: నడిచి చూసే పద్ధతి

దున్నిన మర్నాడే పొలంలోకి దిగితే ఏమీ కనబడదు. కుండపెంకులు మట్టిగడ్డల్లోనే దాక్కుని ఉంటాయి. ఒకటి రెండు మంచి వానలు కురిసి, గడ్డలు విరిగి, పెంకుల మీది మట్టి కడుక్కుపోయి, నేల ఆరాక నడవాలి. రైతు అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

టేపు, జెండా కర్రలతో 10 మీటర్లకొక వరుస గుర్తించండి. మొదటిది గట్టుకు 5 మీటర్ల లోపలికి ఉండాలి. ప్రతి వరుసను 20 మీటర్ల ముక్కలుగా విడగొట్టి, ముక్కకొక సంచి పెట్టి, అక్కడ దొరికినవి అందులోనే వేయండి. అంటే హెక్టారుకు 50 సంచులు. నడిచే మనిషి తనకు అటు ఒక మీటరు, ఇటు ఒక మీటరు చూస్తాడు. కాబట్టి చూసింది నేలలో ఐదో వంతే, ఆ సంగతి నివేదికలో రాయాలి. పొలం, వరుస, ముక్క, తేదీ, నడిచినవారి పేరు రాసిన తడవని చీటీ సంచి లోపల ఒకటి వేసి, అవే వివరాలు సంచి పైన కూడా రాయండి. చీటీ పోయిన సంచి ఎందుకూ పనికిరాదు.

అందరి కళ్లూ ఒక్కలా ఉండవు. ఒకరికి ఎర్ర పెంకులు ఇట్టే కనబడితే, ఇంకొకరికి చెకుముకి రాళ్లు చిక్కుతాయి. పక్కపక్క వరుసలన్నీ ఒకరికే ఇస్తే దొరికినవి గుర్తించిన పటంలో కనిపించే గుంపు పాత ఊరిదా, ఆ మనిషి చూపుదా తేల్చలేం. అందుకే మనుషుల్ని మార్చుతూ ఉండాలి.

పెంకు దొరికితే అంచు తడిమి చూడండి. నున్నగా అరిగి ఉంటే చాలాకాలం నాగలి కింద దొర్లినదో, పెంటతో పాటు పొలానికి వచ్చినదో కావచ్చు. అంచు పదునుగా ఉండి, అలాంటివే పది ఒక్కచోట దొరికితే కింద గుంతో గోడో ఈమధ్యే నాగలికి తగిలి ఉండవచ్చు.

అన్నిటికంటే పెద్ద పొరపాటు ఖాళీ సంచిని చూసి ‘ఇక్కడేమీ లేదు’ అని రాసేయడం. పెంకులు కంటపడకుండా చేసే మోళ్లు, నీడ, తడి ఎంత ఉన్నాయో ముక్కముక్కకూ రాయండి. వాలు అడుగున, ఏటి పక్కన పేరుకున్న మట్టి కింద ఊళ్లకు ఊళ్లే పైకి జాడ లేకుండా ఉండగలవు. అలాంటిచోట మాగ్నెటోమీటరు సర్వే (నేల అయస్కాంతత్వంలో తేడాలు కొలిచి కింద ఏముందో పసిగట్టడం), పరీక్ష కందకాలు తప్పనిసరి. పెంకులు లేని చోట కూడా కొన్ని కందకాలు తీయాలి. మనిషి ఎముకలు కనిపిస్తే కదపకుండా పని ఆపి అధికారులకు తెలపండి.

పెంకుల్ని మెత్తని బ్రష్షుతో కడిగి నీడలో ఆరబెట్టండి. ఇనుము, రాగి వస్తువుల్ని మాత్రం నీటికి దూరంగా, పొడిగా, విడి డబ్బాలో ఉంచాలి.